కడిగి తెచ్చిన గిన్నె

డిసెంబరు 2, సోమవారం

ఈ డైరీ జనవరిలో వచ్చింది. లెన్సుల కంపెనీవాళ్ళు మా కళ్ళద్దాల వర్క్‌షాపులో తలా ఒకటి పంచారు. పదకొండు నెలలు ఒక్క అక్షరం రాయలేదు. ఏప్రిల్ పేజీల జోలికి ఇప్పుడూ వెళ్ళను. తిన్నగా డిసెంబరుకే వచ్చాను.

ఇవాళ పెన్ను తియ్యడానికి కారణం సోడాబుడ్డి. వాడిది నా పక్క బల్ల. ఊరందరికీ కళ్ళద్దాలు బిగించేవాడు ఊరందరికంటే మందం అద్దాలు పెట్టుకుంటాడని ఆ పేరు నేనే పెట్టాను. మధ్యాహ్నం నేను భోజనం డబ్బా విప్పుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇరవై మూడున మన ఏడాది చివరి పార్టీ. ఎవరు ఏం తేవాలో మేడమ్ కాగితం తిప్పుతున్నారు. నీ పేరు పక్కన పచ్చ గిన్నె అని రాసేశారు."

"చేసే మనిషే లేదు కదరా."

"నేనూ అదే అన్నాను. వదినను తలుచుకున్నట్టు ఉంటుంది, వాళ్ళమ్మాయిని అడగమను అన్నారు మేడమ్."

సరేలే అన్నాను. తలుచుకోవడానికి వీళ్ళకు గిన్నె కావాలా?

పచ్చ గిన్నె అన్న పేరు వర్క్‌షాపు వాళ్ళు పెట్టిందే. మా ఆవిడ దానికి ఏ పేరూ పెట్టలేదు. మెత్తటి చీజ్, గిలక్కొట్టిన క్రీమ్, పంచదార పొడి, ఆకుపచ్చటి పుదీనా ఎసెన్సు, సన్నగా తరిగిన చాక్లెట్. అంతా కలిపితే లేత పచ్చగా, నురుగు నురుగుగా వచ్చేది. బిస్కెట్లు ముంచుకుని తినడమే. పుదీనాను తీపిలో వేసే మనిషిని పెళ్ళయ్యాకే చూశాను. మొదటి ఏడాది "పళ్ళు తోముకునే పేస్టులా ఉంది" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత దాని మీద నేను నోరెత్తితే ఒట్టు. ఏటా ఆ పింగాణీ గిన్నె పట్టుకెళ్ళడం, ఖాళీ చేసి జిడ్డు జిడ్డుగా తేవడం, "రెండు చెంబుల నీళ్ళయినా పోసి తేవచ్చు కదండీ, ఎండి రాయైపోయింది" అని తిట్లు తినడం.

పోయినేడాది కూడా చేసింది. నిండు గిన్నె పట్టుకెళ్ళాను. ఖాళీ గిన్నె తెచ్చాను.

డిసెంబరు 3

మూడు జతల బైఫోకల్స్. ఒకటి మళ్ళీ సాన పట్టాల్సి వచ్చింది. రాయడానికి ఇంకేమీ లేదు.

డిసెంబరు 5, గురువారం

పాపకు ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు వచ్చినా నాకు పాపే. నగరం అవతలి చివర ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. ఎప్పుడు మాట్లాడినా వెనకాల విజిల్ వినిపిస్తుంది.

కొట్లో కొనుక్కెళ్తాను, నువ్వేం శ్రమపడకు అని చెప్పడానికే చేశాను. ఆ మాట అననిచ్చిందా?

"నిజంగా అడిగారా నాన్నా? అమ్మ పచ్చ గిన్నె కావాలని వాళ్ళే అడిగారా?"

"అడిగారు గానీ..."

"నేను చేస్తాను. అమ్మ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆదివారం వస్తాను, ఓసారి చేసి చూద్దాం. నువ్వు ఏమీ కొనకు, అన్నీ నేనే తెస్తాను."

ఎనిమిది నెలల తర్వాత దాని గొంతులో కాస్త ఉత్సాహం విన్నాను. వాళ్ళమ్మ బట్టలు, గాజులు ఏమీ ముట్టుకోలేదు అది. ఆ వంటల పుస్తకం ఒక్కటే పట్టుకెళ్ళింది.

వద్దని ఎలా చెప్పను?

డిసెంబరు 8, ఆదివారం

పాప పదింటికి వచ్చింది. సంచీలోంచి ఒక్కొక్కటి తీసి బల్ల మీద పేర్చి, ఆ పుస్తకం విప్పి పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టింది. నేను కూరగాయల కత్తికి పదును పెడుతున్నట్టు నటిస్తూ ఆ పేజీ వైపు చూశాను. అన్నీ పాత సిరాతో ఉన్నాయి. పుదీనా ఎసెన్సు దగ్గర మాత్రం పాత కొలతను కొట్టేసి ఉంది. మామూలుగా ఒక గీత కొట్టడం కాదు. అటూ ఇటూ, పైకీ కిందికీ, కాగితం చిరిగేదాకా. మా ఆవిడ ఏదీ సగం సగం చేసే మనిషి కాదు. పక్కన నీలం పెన్నుతో "రెండు చెంచాలు" అని ఉంది. దాని కింద పోయిన డిసెంబరు తేదీ వేసి, "అందరికీ తెగ నచ్చిందట. ఇక ఎప్పటికీ ఇదే కొలత."

"చూశావా నాన్నా, పోయినేడాదే మార్చింది. చివరిదాకా మెరుగులు దిద్దుతూనే ఉంది అమ్మ" అంది పాప.

నేను ఊఁ అన్నాను.

గంటసేపు కష్టపడింది. రుచి చూసి కళ్ళు మూసుకుంది. తర్వాత చెంచా నాకు ఇచ్చింది. నాలుక చురుక్కుమంది, ముక్కు తెరుచుకుంది, ఆపైన చేదు. ఆ రుచి నాకు తెలుసు.

"ఎలా ఉంది?"

"క్రీమ్ సరైంది కాదేమో" అన్నాను.

"అయ్యుంటుంది. అమ్మ ఏ క్రీమ్ తెచ్చేదో నీకు గుర్తుందా?"

"కాస్త పుదీనా తగ్గించి చూడరాదూ" అన్నాను, గోడ వైపు చూస్తూ.

"అమ్మ అంత పనిగట్టుకుని దిద్ది రాస్తే నేనెవరిని తగ్గించడానికి? తగ్గిస్తే అది అమ్మది కాదు నాన్నా. తప్పు నా చేతిలో ఉంది."

వెళ్ళేటప్పుడు పింగాణీ గిన్నె అడిగింది. అటక మీద ఉంది, దించుతాలే అన్నాను. ఫిబ్రవరిలో మా ఆవిడే దాన్ని పాత తువ్వాలులో చుట్టి, ముడేసి ఇచ్చింది. "దుమ్ము పడుతుంది, ఊరికే విప్పకండి. మళ్ళీ పార్టీ నాడే విప్పుదురు గాని" అంది. అప్పటికి తను లేచి తిరుగుతుందనే ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం.

పాప పుస్తకం నా దగ్గరే వదిలి వెళ్ళింది. నాకేమైనా గుర్తొస్తుందేమో చూడమంది.

డిసెంబరు 10, మంగళవారం

సోడాబుడ్డి మళ్ళీ వచ్చాడు. "పోయినేడాది వదినకు ఓపిక లేక పచ్చ గిన్నె రాలేదు కదా, పార్టీ బోసిపోయింది. ఈసారి పాప చేస్తోందంటే మేడమ్ ఎంత సంబరపడ్డారో" అన్నాడు.

వీడికి మతిమరుపు ఎక్కువైంది.

డిసెంబరు 11, బుధవారం

నిన్న రాసింది తప్పు. వాడు ఏదీ మర్చిపోలేదు. పోయినేడాది పచ్చ గిన్నె పార్టీకి రాలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది చదివే వాళ్ళెవరు గనక.

ఆ నెలల్లో జబ్బుకు వాడే మందుల వల్ల మా ఆవిడ నాలుక మొద్దుబారిపోయింది. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కానీ ఎదురుగా కూర్చుని తినే మొగుణ్ణి, నాకు తెలియదా? పార్టీ రోజు పొద్దున్న ఆరింటికే లేచింది. వద్దన్నాను. "పంతొమ్మిదేళ్ళు చేశాను. ఇరవయ్యో ఏడు ఆపితే జబ్బు గెలిచినట్టే" అంది. క్రీమ్ గిలక్కొడుతూ మధ్యలో రెండుసార్లు కుర్చీలో కూలబడింది. ఎసెన్సు వేసి రుచి చూసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ చూసింది. "ఈ సీసాలో ఘాటే లేదండీ, కల్తీ సరుకు అంటగట్టాడు" అంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఊఁ అన్నాను.

బస్సు దిగి, వర్క్‌షాపు మెట్ల దగ్గర మూత తీసి వేలితో కాస్త నాకాను. ఏటా చేసే దొంగపనే. నోరు మండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైన అందరూ ఉన్నారు. తింటారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు, "పాపం" అంటారు. ఆ ఏడాది ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ఇంకోసారి వినే ఓపిక లేకపోయింది. మెట్ల వెనక చెత్త డబ్బా ఉంది. గరిటె లేదు, చేత్తోనే తోసేశాను. సాన పట్టే గదిలో తొట్టి దగ్గర గిన్నె కడిగాను, రెండుసార్లు. గోళ్ళ సందుల్లో పచ్చరంగు వదల్లేదు. పైకెళ్ళి, మా ఆవిడకు ఓపిక లేదు, ఈసారి చెయ్యలేదు అన్నాను. పాపం అన్నారు. ఎలాగూ అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "తిన్నారా?" అంది. నాకు అబద్ధం చెప్పడం రాదనుకునేవాణ్ణి. ఆ రోజు ధారగా వచ్చింది. మేడమ్ మూడుసార్లు వేసుకున్నారన్నాను. సోడాబుడ్డి గిన్నె అంచు నాకాడన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? "ఎప్పటికంటే బాగుంది, ఈసారి ఘాటు భలే కుదిరింది" అన్నాను. తను గిన్నె అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కడిగి తెచ్చారే" అంది.

"మేడమ్ కడిగించారు" అన్నాను.

అప్పుడు పుస్తకం తెమ్మంది. నా ముందే పాత కొలత కొట్టేసి కొత్తది రాసింది. పెన్ను గట్టిగా నొక్కి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. ఆపలేకపోయాను. ఆపలేదు.

ఇప్పుడు పాప ఆ కొలత పట్టుకునే చేస్తోంది.

డిసెంబరు 12

ఆదివారం పాపకు చెప్పేస్తాను.

డిసెంబరు 13, శుక్రవారం

పాత కొలత తెలిస్తే అసలు చెప్పే అవసరమే ఉండదు కదా అని తట్టింది. పుస్తకం వర్క్‌షాపుకి పట్టుకెళ్ళాను. భూతద్దం కింద పెట్టాను, దీపం ముందు పెట్టాను, కాగితం వెనకనుంచి వేలితో తడిమాను. ఒక అక్షరానికి కొమ్ములాంటిది కనిపించింది, అంతే. సోడాబుడ్డి చూసి "నిధి దారి గానీ దొరికిందా అన్నయ్యా" అన్నాడు. ఒక కళ్ళద్దాల చీటీలో డాక్టరు రాత అర్థం కాలేదని చెప్పాను.

పావు పాయింటు తేడా వస్తే లెన్సు పక్కన పారేసేవాణ్ణి నేను. పావు తేడాతో మనిషికి మెట్లు సరిగ్గా కనపడవు, కాలు జారుతుందని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. ఇంట్లో ఇన్నేళ్ళు తను ఎన్ని చెంచాలు వేసిందో ఒక్కసారి తొంగి చూడలేదు.

డిసెంబరు 15, ఆదివారం

పాప వేరే క్రీమ్ తెచ్చింది, వేరే ఎసెన్సు తెచ్చింది. కొలత మాత్రం అదే. రుచి చూసి చెంచా తొట్టిలో పడేసింది. వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి, మెల్లగా ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేశాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"పోయినేడాది నన్ను రెండుసార్లు పిలిచింది నాన్నా. ఆదివారం రా, పచ్చ గిన్నె నేర్పుతాను అంది. పోటీలున్నాయి, ఖాళీ లేదన్నాను. అమ్మ ఇక చెయ్యలేదని నాకెందుకు తట్టలేదు?"

"నీకేం తెలుసమ్మా."

"తెలియాలి కదా."

టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్ళిపోయింది.

డిసెంబరు 16

చెప్పలేదు. చెబితే దానికి ఇంకా బాధ. ఇది దాని మంచికే.

డిసెంబరు 17

దాని మంచికి కాదు. నా పరువు కోసం.

డిసెంబరు 18, బుధవారం

సాయంత్రం ఐదున్నరకు పాప కొలను నుంచి తిన్నగా వచ్చింది. జుట్టు తడిగానే ఉంది. మూడోసారి మొదలెట్టింది. చెంచా అంచుకు సమంగా కత్తితో గీసి మరీ కొలిచింది, సరిగ్గా రెండు. కలిపింది. నాకింది. గిన్నెను నెమ్మదిగా పక్కకు జరిపింది.

"ఇక చెయ్యను. నాకు అమ్మ చెయ్యి రాలేదు. నేర్పుతానంటే రాని దానికి ఎలా వస్తుంది? మేడమ్‌కి నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్."

"కొలత తప్పమ్మా" అన్నాను.

"ఏంటి?"

"నీ చెయ్యి బాగానే ఉంది. ఆ కొలతే తప్పు. అమ్మకు అప్పటికి నోటికి రుచి తెలిసేది కాదు. అది చాలా ఘాటుగా వచ్చింది. నేను పార్టీలో పెట్టలేదు. పారేశాను. ఇంటికొచ్చి అందరూ నాకేశారని చెప్పాను. అది నమ్మి పాతది కొట్టేసింది."

నా మొహంలోకి చూసింది.

"ఎక్కడ పారేశావ్?"

"వర్క్‌షాపు మెట్ల వెనక."

"అమ్మ ఎంతసేపు నిలబడి చేసింది?"

"రెండు గంటలు. మధ్యలో కూర్చుంది."

"నువ్వు ఎంత తిన్నావ్?"

"వేలితో కాస్త."

తల ఊపింది. లెక్క సరిపోయిందన్నట్టు. సంచీ భుజానికి తగిలించుకుంది.

"అమ్మకు చెప్పిన అబద్ధం సంగతి వదిలెయ్ నాన్నా. అది నేనైనా చెప్పేదాన్నేమో. ఈ పది రోజులు నేను నా చెయ్యి మంచిది కాదని ఏడుస్తుంటే నువ్వు టీ పెట్టి ఇచ్చావు. కూర్చుని చూశావు."

తలుపు గట్టిగా వెయ్యలేదు. వేసినా బాగుండేది.

ఆ గిన్నెడూ ఫ్రిజ్‌లో పెట్టాను. పారెయ్యడం నాకు చేతనైన పనే. ఈసారి పారెయ్యలేదు.

డిసెంబరు 19

పొద్దున్నే ఫ్రిజ్‌లోది ఒక చెంచా తిన్నాను. కళ్ళలో నీళ్ళు. పాప ఫోన్ ఎత్తలేదు.

డిసెంబరు 20

రెండు చెంచాలు. ఎత్తలేదు.

డిసెంబరు 21, శనివారం

కొట్లో ఏదైనా తియ్యటిది కొని ఆ పింగాణీ గిన్నెలో పోసుకెళ్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకుని పొద్దున్న స్టూలు ఎక్కి అటక మీంచి దాన్ని దించాను. బుద్ధి రాలేదు చూడు నాకు.

తువ్వాలు ముడి విప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఓపిక లేని మనిషి అంత గట్టి ముడి ఎలా వేసిందో. గిన్నె మెరిసిపోతోంది, నేను కడిగినట్టే ఉంది. మూత తీసి బోర్లించాను. మూత లోపల నీలం టేపుతో ఒక చీటీ అంటించి ఉంది. లెన్సులకు గీతలు పడకుండా వర్క్‌షాపులో వేసే టేపు. నేనే ఇంటికి తెచ్చేవాణ్ణి, అన్నింటికీ తను అదే వాడేది. రాత వంకర టింకరగా ఉంది. చివరి రోజుల రాత.

"పుదీనా పావు చెంచా చాలు. ఈసారి గిన్నె కడక్కుండా తీసుకురండి."

స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. పక్కింటివాళ్ళకు వినపడేలా ఏడ్చాను. ఏప్రిల్‌లో కూడా అలా ఏడవలేదు.

తెలుసు తనకు. ఎప్పుడు, ఎలా తెలిసిందో గానీ తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. పుస్తకంలో దిద్దనూ లేదు. ఎందుకో ఆలోచించగా ఆలోచించగా తట్టింది. పుస్తకం పాప చేతికి వెళ్తుంది. అందులో దిద్దితే ఎందుకు దిద్దిందని అది అడుగుతుంది, నా బండారం బయటపడుతుంది. గిన్నె అయితే అటక మీంచి నేనే దించుతాను. నేను ఒక్కణ్ణే చూస్తాను. తను పోయాక కూడా కూతురి ముందు నా పరువు కాపాడాలని చూసింది. నేనే మూడు రోజుల ముందు దాన్ని పోగొట్టుకున్నాను. పోగొట్టుకోవడమే మేలైంది. లేకపోతే ఈ చీటీ చింపి జేబులో పెట్టుకుని, నాకే గుర్తొచ్చిందని పాపతో ఇంకో అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. నా సంగతి నాకు తెలియదా?

గిన్నె సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఈత కొలను దగ్గరికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆరేళ్ళుగా పని చేస్తోంది అది అక్కడ. లోపలికి అడుగు పెట్టగానే ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారిపోయాయి. తుడుచుకుని చూసేసరికి ఎదురుగా పాప నిలబడి ఉంది, మెడలో విజిల్‌తో.

"ఫోన్ ఎత్తడం లేదని వచ్చావా?"

"కాదు. గిన్నె దించాను."

మూత చేతికిచ్చాను. నిలబడే చదివింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే చీటీ తడుస్తుందని నా అరచెయ్యి అడ్డం పెట్టాను. రెండోసారి చదివి బెంచీ మీద కూర్చుంది.

"అమ్మకు నువ్వు చెప్పావా?"

"చెప్పే ధైర్యం ఉంటే ఇంత గొడవెందుకమ్మా."

"మరెలా తెలిసింది?"

"తెలియదు."

ఆ వంకర అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. కడక్కుండా అన్న మాట దగ్గర ఆగి ముక్కుతో నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. కొలనులో పిల్లలు ఈత మానేసి మావైపే చూస్తున్నారు.

"నీ మీద కోపం పోలేదు నాన్నా."

"పోనక్కర్లేదు."

"రేపు వస్తాను. కోపంతోనే వస్తాను."

డిసెంబరు 22, ఆదివారం

పావు చెంచా.

పాప కలిపింది, నేను చాక్లెట్ తరిగాను. ముక్కలు ఒక్క సైజులో రాలేదని చీవాట్లు పెట్టింది. కోపం ఉన్న మాట నిజమే. లేత పచ్చ రంగు వచ్చింది, ఆ నురుగు వచ్చింది. పాప ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కాసేపు మింగలేదు.

"అమ్మ" అంది.

నేనూ తిన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "కాస్త పళ్ళపేస్టులా ఉంది" అన్నాను. చెంచాతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. సరిగ్గా వాళ్ళమ్మ కొట్టే చోటే. తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఇద్దరం కలిసి అంట్లు తోమాం.

పుస్తకంలో దిద్దమని పెన్ను ఇచ్చాను. రెండు చెంచాలు అన్నదాన్ని కొట్టెయ్యలేదు పాప. "అమ్మ రాసింది నేను కొట్టెయ్యను" అని, దాని కింద చిన్నగా పావు చెంచా అని రాసింది. ఫ్రిజ్‌లో ఉన్న పాత గిన్నె చూసి అడుగుదాకా ఎవరు తిన్నారని అడిగింది. నేనే, మిగతాదంతా నిన్న రాత్రే అన్నాను. మిగిలిన చెంచాడూ తను తినేసింది.

డిసెంబరు 23, సోమవారం

పార్టీ అయింది. పాప కూడా వచ్చింది. మేడమ్ దాన్ని దగ్గరికి తీసుకుని, అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉంది అన్నారు. పాప నావైపు చూసింది. నేను బిస్కెట్ల పొట్లం విప్పుతున్నాను.

సోడాబుడ్డి గిన్నె దగ్గరనుంచి కదిలితేగా. నిజంగానే అంచు నాకాడు. పోయినేడాది నేను కల్పించి చెప్పిన అబద్ధం కళ్ళ ముందు జరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

"వదిన మాట నిలబెట్టుకుంది అన్నయ్యా" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"ఏం మాట?"

"ఫిబ్రవరిలో చూడ్డానికి వచ్చానే. నువ్వు లోపల టీ పెడుతున్నావు. పోయినసారి నీ పచ్చ గిన్నె రాక పార్టీ చప్పబడిపోయింది వదినా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెగ నవ్వి, వచ్చే ఏడాది పంపిస్తాలే అంది."

నాకు గుర్తుంది. కప్పులు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. ఏంటి జోకు అని అడిగాను. "ఏం లేదు, మీ గురించే" అంది తను.

ఆ రోజు తర్వాత రెండు నెలలు ఉంది. పూటపూటకూ మందులు నా చేతి మీదుగానే వేసుకుంది. అంత కష్టపడి చేసింది నేను చెత్తలో వేశానని తెలిసి ఎంత బాధపడిందో, నేను టీ తెచ్చేలోపు ఆ బాధను ఎక్కడ దాచుకుందో. అడగడానికి మనిషి లేదు. రెండు నెలలూ రోజుకోసారైనా నేను చెప్పేస్తానేమోనని చూసి ఉంటుంది. చెప్పలేదు. అది మాత్రం ఏ చీటీతోనూ తీరేది కాదు.

పాపను దాని బస్సెక్కించి ఆరున్నరకు ఇల్లు చేరాను. గిన్నె సంచీలోంచి తీశాను. అడుగునా అంచుల వెంటా పచ్చగా అతుక్కుని ఉంది. మూతకు ఒక చాక్లెట్ ముక్క ఎండిపోయి ఉంది. చీటీ తీసి పుస్తకంలో ఆ పేజీలో పెట్టాను. నీళ్ళు కూడా పొయ్యకుండా గిన్నెను వంటింటి బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ, తిట్ల కోసం కాసేపు నిలబడ్డాను.